రో ఎక్కడుందండీ? తేలిక మెసాన్ల కోసం మా డిగ్రీ ల్యాబు ప్రాజెక్టు డైరీ

నవంబరు, రెండో శనివారం

కాలేజీకి సెలవు, ల్యాబు ఖాళీ. ఫైలు రాత్రికి రాత్రే దిగింది. జెనీవా దగ్గరి కణభౌతిక పరిశోధనా కేంద్రం సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో, అక్కడి సీఎంఎస్ ప్రయోగం వాళ్లు ఎవరైనా వాడుకోవచ్చని పెట్టిన ఫైలు ఇది. 2012లో 8 టీఈవీ శక్తితో ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు, మ్యూయాన్లున్న ఢీలను ఏరి దాచే ట్రిగ్గర్ పట్టుకున్న 6 కోట్ల 15 లక్షల ఈవెంట్లు. మ్యూయాన్ అంటే ఎలక్ట్రాన్ లాంటిదే, బరువెక్కువ. టీఈవీ, జీఈవీ, ఎంఈవీ, కేఈవీ అన్నవి కణాల శక్తికీ ద్రవ్యరాశికీ కొలతలు, ఒక్కోటి తర్వాతిదానికి వెయ్యి రెట్లు. ఒక్కో ఈవెంటులో ఎన్ని మ్యూయాన్లు, ఒక్కోదానికి అడ్డం మొమెంటం ఎంత, ఏ కోణంలో వెళ్లింది, ఆవేశం ప్లస్సా మైనస్సా. ఇంతకు మించి పెద్దగా ఏమీ లేదు. అయినా రెండు జీబీ పైచిలుకు.

మా ఫైనలియర్ పిల్లలు ప్రతి ఏడూ చేసే ప్రాజెక్టులు అందరికీ తెలిసినవే: ఎల్‌డీఆర్ వీధిదీపం, నీళ్ల ట్యాంకు బజరు, సోలార్ సెల్ సామర్థ్యం. ఈసారి ముగ్గురు మాత్రం "సార్, కొనే సామాను లేని ప్రాజెక్టు ఏదైనా ఉంటే ఇప్పించండి" అన్నారు. ఖర్చు లేని ప్రాజెక్టులో ఇంతకన్నా పెద్దది నాకు తోచలేదు. వేల కోట్ల యంత్రం తీసిన డేటా, మన ల్యాబులో 8 జీబీ ర్యామ్ కంప్యూటర్.

ఈ ఫైలులోని మ్యూయాన్ జంటల ద్రవ్యరాశి గ్రాఫు వేసి జే/సై, అప్సిలాన్, జెడ్ అనే బరువైన కణాల శిఖరాలు చూపడం ఎక్కడ చూసినా కనబడేదే. మేం పెట్టుకున్న పని వేరు. ఆ గ్రాఫులో ఎడమ మూల, 1.2 జీఈవీకి లోపల ఉన్న ముక్కను మాత్రమే తీసుకుని, అందులో ఈటా, రో, ఒమేగా, ఫై మెసాన్లను విడివిడిగా చూపించాలి. ప్రోటాన్ల లోపల కూడా ఉండే క్వార్కు అనే మూలకణం, ఒక యాంటీక్వార్కు జతకట్టినవే మెసాన్లు. బోర్డు మీద రాసి పెట్టాం: ఈటా 548 ఎంఈవీ, రో 775, ఒమేగా 783, ఫై 1019. మొదటి మూడూ 1961లోనే బయటపడ్డాయి, నాలుగోది ఆ మరుసటేడు. రోకూ ఒమేగాకూ మధ్య దూరం 8 ఎంఈవీ కూడా లేదన్నది పిల్లలు అప్పుడే గమనించారు. చిక్కంతా అక్కడే ఉంటుందని నాకు తెలుసు గానీ చెప్పలేదు.

ఆదివారం

పైథాన్‌లో అప్‌రూట్ లైబ్రరీతో ఫైలు తెరిచాం. మొత్తం ఒకేసారి ర్యామ్‌లోకి లాగితే కంప్యూటర్ బిగుసుకుపోతుంది కాబట్టి పది లక్షల ఈవెంట్ల చొప్పున చదివి, హిస్టోగ్రామ్‌లో కలిపి, ఆ ముక్కను పారేసి తర్వాతి ముక్కకు వెళ్లేలా రాశాం. ప్రతి ముక్క తర్వాతా అప్పటిదాకా వచ్చిన మొత్తాన్ని డిస్కులో దాచేస్తున్నాం. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు దాని విలువ తెలిసింది.

చిన్న జాగ్రత్త ఒకటి. ఫైలులో కోణాల వరసల పేర్లు ఈటా, ఫై. మేం వెతికే మెసాన్ల పేర్లూ ఈటా, ఫై. అందుకని కోడులో కోణాలకు 'నిలువు', 'చుట్టు' అని పేర్లు మార్చేశాం.

ఏరిన నియమం తేలికైనది: ఈవెంటులో సరిగ్గా రెండు మ్యూయాన్లు ఉండాలి, ఒకటి ప్లస్, ఒకటి మైనస్. రెండింటి శక్తులు కలిపి వర్గం చేసి, అందులోంచి మొమెంటాల మొత్తం వర్గం తీసేస్తే, అవి పుట్టిన తల్లికణం ద్రవ్యరాశి వర్గం వస్తుంది. నిజంగా ఒకే తల్లికి పుట్టినవైతే ఆ సంఖ్య మళ్లీ మళ్లీ ఒకే చోట పడుతుంది. సంబంధం లేని జంటలైతే ఎక్కడంటే అక్కడ పడతాయి.

జెడ్ కోసం స్కూలు స్థాయి పాఠాల్లో ఇంకా పొట్టి సూత్రం ఒకటి ఇస్తారు, మ్యూయాన్ ద్రవ్యరాశిని సున్నా అనుకుని. 91 జీఈవీ దగ్గర అది బాగానే పనిచేస్తుంది. మా మూలలో పనికిరాదు. ఎంత తేడా వస్తుందో పిల్లల చేత చేయించాను. మ్యూయాన్ ద్రవ్యరాశి 105.66 ఎంఈవీ. రెండు మ్యూయాన్లూ మొమెంటాన్ని సమానంగా పంచుకున్నాయనుకుంటే, ఆ పొట్టి సూత్రం వల్ల జే/సై జరిగేది 7 ఎంఈవీ. ఫై మాత్రం 1019 నుంచి 997కి దిగుతుంది. ఒమేగా 783 నుంచి 754కి, ఈటా 548 నుంచి 505కి జారిపోతాయి. మొమెంటాలు సమానంగా లేకపోతే ఇంకా కిందికి. అంటే శిఖరం పక్కకు జరగడమే కాదు, చెదిరిపోతుంది కూడా. కాబట్టి ఇక్కడ పూర్తి సూత్రమే వాడాలి.

ఇంకో సంగతి, ఫైలులో సంఖ్యలు 32 బిట్లవి. మా జంటల్లో మొమెంటం పెద్దది, ద్రవ్యరాశి చిన్నది. ముందుకు వంగి దూసుకెళ్లే మ్యూయాన్లలో వందల జీఈవీల వర్గంలోంచి దాదాపు అంతే ఉన్న వర్గాన్ని తీసేస్తే, చివరికి మిగలాల్సింది ఒకటి కన్నా తక్కువ. 32 బిట్లలో ఆ తీసివేత చేస్తే మిగిలినదాంట్లో చివరి అంకెలు చెత్తే. చదవగానే 64 బిట్లకు మార్చి ఆ తర్వాతే లెక్క చేస్తున్నాం. అదనంగా పట్టిన టైము పెద్దగా లేదు.

రాత్రి

మొదటి గ్రాఫు వచ్చింది. 0.2 నుంచి 1.2 జీఈవీ దాకా, 5 ఎంఈవీకో గడి, నిలువు అక్షం లాగ్ స్కేలు. 0.78 దగ్గర నిటారుగా ఒకటి. 1.02 దగ్గర ఇంకొకటి. 0.55 దగ్గర, జాగ్రత్తగా చూస్తే తెలిసేంత చిన్న గుబ్బ. ఎడమవైపు 0.3 నుంచి లేచిన వాలు.

మా గుంపులో ఉన్న అమ్మాయి మానిటర్‌కి దగ్గరగా జరిగి అడిగింది: "ఒమేగా ఇది, ఫై అది. మరి రో ఎక్కడుందండీ సార్?"

"నువ్వే చెప్పాలమ్మా."

"0.775 దగ్గర విడిగా ఏమీ లేదండి."

లేదు నిజమే. ప్రాజెక్టుకు అసలు ప్రశ్న దొరికింది.

సోమవారం, సాయంత్రం

రో సంగతికి వెళ్లేముందు, మిగిలిన శిఖరాలు నిజమైనవేనని తేల్చుకోవాలి. దానికి సులువైన దారి ఒకే ఆవేశం ఉన్న జంటలు: రెండూ ప్లస్ లేదా రెండూ మైనస్. తటస్థ మెసాన్ ఏదీ రెండు ప్లస్ మ్యూయాన్లుగా చీలదు. అదే కోడులో ఒక్క గుర్తు మార్చి నడిపితే వాలు వచ్చింది, శిఖరాలు రాలేదు. 0.78 దగ్గర చదును. 1.02 దగ్గరా చదును.

ఇదేదో మా తెలివి కాదు. 1961లో బర్కిలీలో మాగ్లిచ్, ఆల్వరెజ్, రోజెన్‌ఫెల్డ్, స్టీవెన్సన్ ఒమేగాను పట్టుకున్నది సరిగ్గా ఈ పద్ధతితోనే. కణాల దారులు బుడగల గీతలుగా కనబడే 72 అంగుళాల హైడ్రోజన్ బబుల్ చాంబర్‌లోకి యాంటీప్రోటాన్లను పంపి, అవి ప్రోటాన్లతో కలిసి అంతరించి అయిదు పయాన్లు (అన్నిటికన్నా తేలిక మెసాన్లు) ఇచ్చిన ఫోటోలు ఏరారు: రెండు ప్లస్, రెండు మైనస్, ఒకటి తటస్థం. అయిదింట్లోంచి మూడేసి చొప్పున ఎంచితే పది రకాలుగా వస్తాయి. వాటిలో మొత్తం ఆవేశం సున్నా అయ్యేవి నాలుగు, ఒకటి అయ్యేవి నాలుగు, రెండు అయ్యేవి రెండు. మూడు గ్రాఫులూ పక్కపక్కన పెడితే, సున్నా ఆవేశం ఉన్నదాంట్లో మాత్రమే 780 పరిసరాల్లో శిఖరం నిలబడింది. ఈ పది లెక్క పిల్లల చేత బోర్డు మీద వేయించాను. పర్మ్యుటేషన్లు, కాంబినేషన్లు ఇంటర్‌లో చదివి మళ్లీ ముట్టుకోని వాళ్లు, రెండు నిమిషాల్లో వేసేశారు.

ఆ ఏడాది ముచ్చట ఇంకాస్త చెప్పాలి. రోను విస్కాన్సిన్ బృందం బ్రూక్‌హేవెన్‌లోని కాస్మోట్రాన్ అనే యాక్సిలరేటర్ దగ్గర తీసిన ఫోటోల్లో చూసింది. ఈటాను జాన్స్ హాప్‌కిన్స్ వాళ్లు బర్కిలీ చాంబర్ ఫిల్ముల్లోనే వెతికి పట్టుకున్నారు. ఒమేగా లాంటి కణం ఉండాలని 1957లోనే నంబు రాశాడు, ఇలాంటి స్పిన్ (కణానికి పుట్టుకతో ఉండే భ్రమణం) 1 ఉన్న కణాలు బలమైన బలానికి వాహకాలుగా ఉండాలని 1960లో సకురాయ్ వాదించాడు. క్వార్కు అన్న మాటే పుట్టని రోజులవి. గెల్‌మన్, జ్వైగ్ ఆ ఊహ ముందుకు తెచ్చింది 1964లో. అంటే మేం గ్రాఫు మీద గుర్తులు పెట్టే నాలుగు మెసాన్లూ, అవి దేనితో తయారయ్యాయో తెలియకముందే దొరికినవి.

బుధవారం

ఇవాళ పిల్లల్లో ఒకడు పట్టుబట్టాడు, "పయాన్ అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా ముందు దొరికింది. అది గ్రాఫులో లేకపోతే ఎలా సార్?" అని. న్యాయమైన ప్రశ్నే.

తటస్థ పయాన్ ద్రవ్యరాశి 135 ఎంఈవీ. రెండు మ్యూయాన్లకు కనీసం 211 కావాలి. చేతిలో లేని డబ్బు ఖర్చుపెట్టలేం కదా. అది దాదాపు ఎప్పుడూ రెండు ఫోటాన్లుగానే పోతుంది, 8.4×10⁻¹⁷ సెకన్లలో. ఆవేశం ఉన్న పయాన్, 139.6 ఎంఈవీ, ఒక్క మ్యూయాన్, ఒక న్యూట్రినో ఇస్తుంది. జంట ఇవ్వదు. 1947లో బ్రిస్టల్‌లో పావెల్, లాటెస్, ఒక్కియలీని, మ్యూర్‌హెడ్ ఫోటో ఎమల్షన్‌లో చూసింది ఈ విఘటననే. పయాన్ ఆగిపోయిన చోటు నుంచి మ్యూయాన్ గీత ప్రతిసారీ దాదాపు ఒకే పొడవు, సుమారు 600 మైక్రాన్లు. రెండే ముక్కలుగా చీలితేనే అలా శక్తి ప్రతిసారీ ఒకటిగా వస్తుంది, 4.1 ఎంఈవీ. ఎమల్షన్ పలకల్ని ఫ్రాన్స్‌లో పిక్ దు మిదీ మీద, ఆ తర్వాత బొలీవియాలో 5 వేల మీటర్ల పైన ఉన్న చకల్తాయా మీద పెట్టారు.

ఇక్కడ ఆగి ఇంకో పేరు కూడా బోర్డు మీద రాశాను, ఎందుకంటే మన పుస్తకాల్లో అది కనబడదు. బిభా చౌధురి. కోల్‌కతాలో డి.ఎం. బోస్‌తో కలిసి 1940 ప్రాంతంలోనే ఇల్ఫర్డ్ హాఫ్‌టోన్ పలకల్ని డార్జిలింగ్, సందక్‌ఫూ కొండల మీద పెట్టి, కాస్మిక్ కిరణాల్లోని మెసాన్ల ద్రవ్యరాశిని గీతల నుంచి లెక్కగట్టి 'నేచర్'లో అచ్చువేయించారు. యుద్ధం రోజులు, మరింత సున్నితమైన ఫుల్‌టోన్ పలకలు దొరకలేదు. పద్ధతి అదే, పలకలు తేడా.

మళ్లీ మా గ్రాఫుకు. పయాన్ శిఖరంగా కనబడదు గానీ గ్రాఫులో లేకుండా పోలేదు. శిఖరాల కింద పరుచుకున్న, ఒకే తల్లికి పుట్టని జంటల బ్యాక్‌గ్రౌండ్‌లో ఒక భాగం దానిదే. 10 జీఈవీ పయాన్ సగటున 560 మీటర్లు పోయాక గానీ చీలదు. సీఎంఎస్‌లో ప్రోటాన్ల కిరణం నుంచి, కణాలను ఆపి శక్తి కొలిచే క్యాలరీమీటర్ దాకా ఉన్నది 1.3 మీటర్లు. ఆ లోపల చీలి మ్యూయాన్ అయిపోయే అవకాశం దాదాపు 430లో ఒకటి. కేయాన్ (స్ట్రేంజ్ అనే రకం క్వార్కు ఉన్న మెసాన్) అయితే వందకు ఒకటి. చిన్న సంఖ్యలే, కానీ ప్రోటాన్ల ఢీలో పయాన్లు పుట్టేది కుప్పలు తెప్పలుగా. అలా పుట్టిన అనాథ మ్యూయాన్ ఇంకెక్కడి మ్యూయాన్‌తోనో జతకట్టి మా హిస్టోగ్రామ్‌లోకి వచ్చి కూర్చుంటుంది. "అంటే అన్నిటికన్నా ముందు దొరికిన మెసాన్ మనకి చెత్తండీ" అన్నాడు వాడు. నోట్సులో అలాగే రాసుకోమన్నాను.

శుక్రవారం

ఎడమవైపు వాలు సంగతి. ఈటా 548 దగ్గర చిన్న గుబ్బ అయితే, దానికి ఎడమన అంత ఎత్తు ఎందుకుంది?

ఈటాకు స్పిన్ సున్నా. రెండు మ్యూయాన్లు ఇవ్వాలంటే రెండు ఫోటాన్ల దారిలో తిరిగి రావాలి, అందుకే అది పది లక్షల్లో ఆరుసార్లే జరుగుతుంది. కానీ రెండు మ్యూయాన్లతో పాటు ఒక ఫోటాన్ కూడా ఇవ్వడం దానికి చాలా సులువు, పది లక్షల్లో 310 సార్లు. అక్కడ ఫోటాన్ కొంత శక్తి పట్టుకుపోతుంది, మా ఫైలులో ఫోటాన్లు లేవు, కాబట్టి మిగిలిన జంట 548 కన్నా కింద ఎక్కడో పడుతుంది. శిఖరం రాదు, వాలు వస్తుంది. ఒమేగా కూడా అంతే, మ్యూయాన్ జంటతో పాటు తటస్థ పయాన్‌ను ఇచ్చి 648 ఎంఈవీ దాకా పరుచుకుంటుంది. ఈ వాలు తెలియకుండా బ్యాక్‌గ్రౌండ్‌కు ఏదో ఒక గీత గీసేస్తే రోను తలకిందులు వెతికినా దొరకదు.

ఈటాకు సంబంధించి ఒక కొత్త కబురు పిల్లలకు నచ్చింది. ఈటా నాలుగు మ్యూయాన్లుగా చీలడాన్ని మొట్టమొదట చూసింది ఈ సీఎంఎస్సే, 2023లో ప్రకటించారు. వంద కోట్ల ఈటాల్లో అయిదు. అరవై ఏళ్లు దాటిన కణంలో ఇంకా కొత్తవి దొరుకుతున్నాయి. మా ఫైలుతో అది కుదరదులెండి, వాళ్లు వాడింది వేరే రకం డేటా.

తర్వాతి శనివారం

ఈ పూట ల్యాబులో కంప్యూటర్ ముట్టుకోలేదు. చాక్‌పీసు, బోర్డు. నా దృష్టిలో ప్రాజెక్టు మొత్తంలో పనికొచ్చిన పూట ఇదే.

రో, ఒమేగా, ఫై మూడింటికీ స్పిన్ 1, ఫోటాన్‌కు ఉన్న లక్షణాలే. లోపలి క్వార్కు, యాంటీక్వార్కు ఒకదాన్నొకటి అంతం చేసుకుని క్షణకాలం ఫోటాన్‌గా మారి, అది మ్యూయాన్ జంటగా విప్పుకోవచ్చు. అందుకే ఈ గ్రాఫులో ఇవి కనబడతాయి. ఎంత వేగంగా మారతాయన్నది క్వార్కుల ఆవేశాల మీద ఆధారపడుతుంది. అప్ క్వార్కు ఆవేశం మూడింట రెండు, డౌన్‌ది మైనస్ మూడో వంతు, స్ట్రేంజ్‌ది కూడా మైనస్ మూడో వంతు. రోలో అప్ జంట, డౌన్ జంట తీసివేత గుర్తుతో కలిసి ఉంటాయి, ఒమేగాలో కూడిక గుర్తుతో. ఫై దాదాపు పూర్తిగా స్ట్రేంజ్ జంట. ఈ ఆవేశాలు వేసి వర్గం చేస్తే రో : ఒమేగా : ఫై నిష్పత్తి 9 : 1 : 2 రావాలి.

కొలిచిన సంఖ్యలతో సరిచూద్దామన్నాను. మ్యూయాన్ జంటకు పోయే వాటాను మొత్తం వెడల్పుతో, అంటే కణం ద్రవ్యరాశి ఎంత పరుచుకుని ఉంటుందో దానితో, గుణించాలి. రో: లక్షకు 4.55, వెడల్పు 149 ఎంఈవీ. గుణిస్తే 6.8 కేఈవీ. ఒమేగా: లక్షకు 7.4, వెడల్పు 8.7 ఎంఈవీ. 0.64 కేఈవీ. ఫై: లక్షకు 28.6, వెడల్పు 4.25. 1.2 కేఈవీ. నిష్పత్తి 10.6 : 1 : 1.9.

తొమ్మిదికి పదిన్నర, రెండుకు 1.9. క్వార్కును ఎవరూ విడిగా పట్టుకుని చూడలేదు. అయినా దాని ఆవేశం మూడింట రెండు, మూడో వంతు అని బోర్డు మీద అయిదు నిమిషాల్లో తేలిపోయింది. పిల్లలకన్నా నాకే ఎక్కువ సంతోషమేసింది, దాచుకోవడమెందుకు.

ఇప్పుడు రో ఎక్కడుందన్నదానికి జవాబు సగం దొరికింది. మ్యూయాన్ జంటగా మారడంలో రో ఒమేగా కన్నా పది రెట్లు చురుకు. కానీ అంతకన్నా చురుగ్గా అది రెండు పయాన్లుగా చీలిపోతుంది, దాదాపు నూటికి నూరు పాళ్లూ. ఆయుష్షు 4.4×10⁻²⁴ సెకన్లు. ఆ టైములో కాంతి పోయే దూరం ఒక ప్రోటాన్ పరిమాణమంత. ఒమేగా రెండు పయాన్లకు పోవడం చాలా అరుదు, మూడు కావాలి, అందుకే 7.6×10⁻²³ సెకన్లు బతుకుతుంది. ఆయుష్షు తగ్గేకొద్దీ ద్రవ్యరాశి పరుచుకుంటుంది. అది అనిశ్చితత్వ నియమం పెట్టిన ఖర్చు.

మిగతా సగానికి లెక్క వేశాం. ప్రోటాన్ల ఢీలో రో, ఒమేగా దాదాపు సమానంగా పుడతాయనుకుందాం. మ్యూయాన్ జంటల్లో ఒమేగావి వంద ఉంటే రోవి అరవై ఒకటి. ఫరవాలేదనిపించే సంఖ్యే. కానీ ఒమేగా వంద, పరికరం కొలత తేడా 8, 9 ఎంఈవీలు అనుకుంటే, నాలుగైదు గడుల్లో సర్దుకుంటాయి. రో అరవై ఒకటి 150 ఎంఈవీల వెడల్పున పరుచుకుంటాయి. ఎత్తు చూస్తే ఒమేగాలో పదిహేనో వంతుకూ ఇరవయ్యో వంతుకూ మధ్య. తాటిచెట్టు మొదట్లో చెదలపుట్ట. అప్పటినుంచి పిల్లలు రోను 'పుట్ట' అనే అంటున్నారు.

అదే రోజు, చీకటి పడ్డాక

ఫై గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే దాని సన్నదనం చూసి పిల్లలు ఆశ్చర్యపోయారు. 1019 ఎంఈవీ ఉన్నవాడు 783 ఉన్నవాడికన్నా వెడల్పుండాలి కదా, చీలడానికి దారులు ఎక్కువ కాబట్టి. మూడు పయాన్లుగా పోతే 600 ఎంఈవీ మిగులు. అయినా ఆ దారిలో పోయేది నూటికి పదిహేను మాత్రమే. ఎనభై పైచిలుకు రెండు కేయాన్లుగా పోతుంది, అక్కడ మిగులు 32 ఎంఈవీ, తటస్థ కేయాన్లయితే 24. విశాలమైన రోడ్డు వదిలి ఇరుకు సందులో దూరడానికి కారణం, స్ట్రేంజ్ క్వార్కులు రెండూ బయటి కణాల్లోకి వెళ్లాలనే ఒత్తిడి. లోపలే అంతమైపోయి కొత్తగా తేలిక క్వార్కులు పుట్టించే దారి బాగా మందగిస్తుంది. ఒకుబో, జ్వైగ్, ఇజుకా విడివిడిగా చెప్పిన నియమం. జే/సై అంత సన్నగా ఉండటం వెనక ఉన్నదీ ఇదే. మా గ్రాఫులో మాత్రం ఫై శిఖరం 4 ఎంఈవీ వెడల్పు లేదు, దానికి రెట్టింపు పైన ఉంది. అది పరికరానిది. సన్నటి ఫై ఆ విధంగా మాకు కొలబద్ద అయింది: ఇక్కడ పరికరం ఎంత మసకబారుస్తుందో దాని దగ్గర చూసి, ఒమేగాకు అదే నిష్పత్తి పెట్టాం.

డిసెంబరు మొదటి వారం

పుట్టను తవ్వే పని. ఫిట్‌లో రో ద్రవ్యరాశి, వెడల్పు తెలిసిన విలువల దగ్గర బిగించేశాం, ఎత్తు ఒక్కటే వదులు. ఒమేగా, ఫై, ఈటాలకు గంట ఆకారపు గాసియన్లు. ఈటా, ఒమేగాల మూడు ముక్కల విఘటనలకు వాలు ఆకారం. మిగిలిన బ్యాక్‌గ్రౌండ్‌కు బహుపది.

ఫిట్ అయింది. చూడముచ్చటగానే అయింది. చిక్కేమిటంటే బహుపది ఘాతం మూడు పెడితే పుట్ట లేస్తుంది, నాలుగు పెడితే చాలావరకు దిగిపోతుంది, బ్యాక్‌గ్రౌండే పైకి వంగి దాని చోటు ఆక్రమించేస్తుంది. రెండు ఫిట్లూ కంటికి ఒకేలా ఉన్నాయి. ఫిట్ బాగుందని చెప్పే కై-స్క్వేర్ కూడా పెద్దగా మారలేదు. వెడల్పాటి ఆకారం, వంకర తిరగగల బ్యాక్‌గ్రౌండ్, రెండూ ఒకే చోట ఉంటే జరిగేది ఇదే. పైగా రో, ఒమేగా రెండూ చివరికి ఒకే మ్యూయాన్ జంట ఇస్తాయి కాబట్టి వాటి తరంగాలు ఒకదానితో ఒకటి కలబడతాయి కూడా. దాన్ని మేం పట్టించుకోలేదు, డిగ్రీ స్థాయికి అది బరువు.

గుంపులో మూడోవాడు మాటలు తక్కువ, చేతులు ఎక్కువ. వాడు ఒక పని చేశాడు. ఒకే ఆవేశం జంటల గ్రాఫును బ్యాక్‌గ్రౌండ్‌గా వాడి ముందే తీసేసి, మిగిలినదాన్ని ఫిట్ చేశాడు. పుట్ట కాస్త స్థిరపడింది. పూర్తిగా కాదు. బి అనే బరువైన క్వార్కు ఒకదాని నుంచి వరసగా పుట్టే మ్యూయాన్లు ఎక్కువగా వ్యతిరేక ఆవేశాలతో వస్తాయి, అవి ఒకే ఆవేశం గ్రాఫులో ఉండవు, తీసేసినా మిగిలిపోతాయి.

నిపుణులు దీన్నెలా చేశారో చూపించాను. సెర్న్‌లో ఎన్‌ఏ60 అనే ప్రయోగం ఇండియం కేంద్రకాలను ఇండియంతో ఢీకొట్టించి మ్యూయాన్ జంటలు కొలిచింది. వాళ్లకు కావలసిందే రో, ఎందుకంటే అది పుట్టిన వేడి ముద్దలోపలే చచ్చిపోతుంది, కాబట్టి లోపలి పరిస్థితిని మోసుకొస్తుంది. ఒమేగా, ఫై చాలావరకు బయటికొచ్చాక గానీ చీలవు. సన్నటి ఒమేగా, ఫై శిఖరాలను కొలిచి జాగ్రత్తగా కోసేస్తే కింద రో మిగిలింది. మామూలు కన్నా బాగా వెడల్పయింది, నడిమి ద్రవ్యరాశి మాత్రం పెద్దగా జరగలేదు. ద్రవ్యరాశి తగ్గిపోతుందని చెప్పిన సిద్ధాంతాలకు అక్కడ గట్టి దెబ్బే తగిలింది. 2006లో వచ్చిన ఆ గ్రాఫు చూసి మా అమ్మాయి అంది: "వీళ్లూ తాటిచెట్టే కొట్టేశారండీ."

డిసెంబరు, రెండో శనివారం

రిపోర్టు రాస్తున్నారు. రో ఎత్తుకు సంఖ్య ఇవ్వాలా వద్దా అని గంటసేపు వాదులాడుకున్నారు. ఒకడు ఘాతం మూడు ఫిట్ పెట్టేద్దామంటాడు, అందంగా ఉందని. నేను నోరు విప్పలేదు. చివరికి అమ్మాయి మాటే నెగ్గింది: మూడు బ్యాక్‌గ్రౌండ్లతో వచ్చిన మూడు ఎత్తులూ పక్కపక్కన వేసి, గ్రాఫులో 0.78 శిఖరం మీద ఒమేగా అని కాకుండా 'రో + ఒమేగా' అని రాయాలని. సీఎంఎస్ వాళ్ల గ్రాఫుల్లోనూ అలాగే రాస్తారు. ఎందుకు రాస్తారో ఇప్పుడు ముగ్గురికీ తెలుసు.

వైవాకు వచ్చే ఎగ్జామినర్ "రో ఎక్కడుంది?" అని అడిగితే ఏం చెప్పాలో కూడా తయారుగా ఉన్నారు. అడక్కపోతే వాళ్లే ఎత్తేలా ఉన్నారు.

మిగిలిన పని: మ్యూయాన్ జంట మొమెంటాన్ని మూడు ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కలో ఫై, ఒమేగాల నిష్పత్తి గీయాలి. పెద్ద మొమెంటం ఉన్న చోట రెండు మ్యూయాన్లు మరీ దగ్గరగా వస్తాయి, పది జీఈవీల చొప్పున ఉన్న ఒమేగా జంటలోనే మధ్య కోణం నాలుగు డిగ్రీలు. అంత ఇరుకులో పరికరం రెండింటినీ విడిగా చూస్తోందా లేదా అన్నది ముందు తేల్చాలి. ఆ కోడు సగం అయింది. సోమవారం పెద్ద ఫైలు మీద నడుపుతాం.